హాజరుపట్టీలోనే మన హక్కు

బడులు తెరిచే రోజులలో మన సరిహద్దు ఊళ్లలో ఒక మంచి సందడి కనిపిస్తుంది. తెలుగు బడి నిలవాలని కోరేవారు ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాయిస్తారు. చేర్పుల పత్రంలో మాతృభాష అన్న గడిలో 'తెలుగు' అని రాయించుకొమ్మని తల్లిదండ్రులకు పదే పదే గుర్తుచేస్తారు. ఒకటో తరగతిలో పదిహేను మంది చేరారని తెలిసిన రోజున ఊరికి ఊరే సంతోషిస్తుంది. దసరా వెళ్లిన తరువాత అదే గదిలోకి ఒకసారి తొంగిచూస్తే ఎనిమిది మందో తొమ్మిది మందో కనిపిస్తారు. తక్కినవారు బడి మానలేదు, పేరు కొట్టివేయించుకోలేదు. ఒకడు నిన్న రాలేదు, ఒకతె మొన్నటి నుంచి రావడం లేదు, మరొకడు వారానికి మూడు రోజులు వస్తాడు. బడి మానిన పిల్లల లెక్కలో వీరిని ఎవరూ చేర్చరు. చేర్పుల లెక్కలో మాత్రం వీరి పేర్లు పదిలంగా ఉంటాయి.

భాషోద్యమం చేర్పుల మీద పెట్టినంత దృష్టి హాజరు మీద పెట్టలేదు. ఉపాధ్యాయ ఖాళీలను గురించి, వేళకు అందని పాఠ్యపుస్తకాలను గురించి ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇస్తూ వచ్చాము. అవి ఇవ్వవలసినవే, ఇక ముందూ ఇవ్వవలసినవే. అయితే చేరిన బిడ్డ ప్రతిదినమూ బడికి వెళుతున్నదా, వేళకు నిద్ర లేస్తున్నదా, సాయంకాలం పుస్తకం తెరుస్తున్నదా అన్న ప్రశ్నలను ఆయా ఇళ్ల సొంత వ్యవహారంగా వదిలివేశాము. సొంత రాష్ట్రంలో ఉన్న తెలుగువారికి అది సొంత వ్యవహారమే కావచ్చును. హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి, పర్లాకిమిడి, రాయగడ, సిరొంచ వంటి చోట్ల ఉన్న మనకు అది ఊరి వ్యవహారం. ఒక బిడ్డ బడికి వెళ్లని రోజున ఆ బిడ్డ చదువూ నష్టపోతుంది, పక్కన కూర్చోవలసిన బిడ్డ చదువూ నష్టపోతుంది, ఆ బడి ఉనికికే కొంత లోటు వస్తుంది. ఎందువల్లనో వివరంగా చూద్దాం.

పది మంది, నలభై మంది

భాషాల్పసంఖ్యాకుల చదువుకు మన దేశంలో ఉన్న రక్షణలన్నీ కొన్ని అంకెల మీద నిలిచి ఉన్నాయి. 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని అంగీకరించింది. ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తం మీద 40 మంది గాని ఒక మాతృభాషకు చెందిన పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో వారికి ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని ఏర్పాటు చేయాలన్నది ఆ సూత్రం. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350ఎ అధికరణం వచ్చింది. ప్రతి రాష్ట్రమూ, అందులోని ప్రతి స్థానిక అధికార సంస్థా భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన వసతులు కల్పించడానికి పాటుపడాలని అది చెబుతుంది. ఆ రక్షణల అమలును పరిశీలించి రాష్ట్రపతికి నివేదించడానికి 350బి అధికరణం ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. ఆయా రాష్ట్రాలు వేరు వేరు ఉత్తర్వులతో, కొద్దిపాటి మార్పులతో దీనిని అమలు చేస్తూ వచ్చినా, పది, నలభై అన్న అంకెలే ఈ ఏర్పాటుకు మూలం.

పది అన్నది పెద్ద అంకె కాదు. మన ఊళ్లలో పది మంది తెలుగు పిల్లలు దొరకని వీధి ఉండదు. కాని పదికి పన్నెండు మంది చేరి, వారిలో నలుగురు వచ్చీరాక ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారి కంటికి కనిపించేది ఎనిమిది మందే. హాజరుపట్టీలో గైరుహాజరు గుర్తులు వరుసగా కనిపించిన నాడు, ఖాళీ అయిన తెలుగు ఉపాధ్యాయ పదవిని నింపవలసిన అవసరం ఏమున్నదన్న మాట కార్యాలయంలో పుడుతుంది. ఉన్న ఉపాధ్యాయుని మరొక బడికి సర్దుబాటు చేయడానికి అది చాలు. ఉపాధ్యాయుడు వెళ్లిన మరుసటి ఏడాది చేరేవారు ఐదుగురవుతారు. ఆ పై ఏడాది ఆ విభాగాన్ని పక్క బడిలో కలుపుతారు. తెలుగు విభాగం మూతపడినదని మనం అప్పుడు వ్యాసాలు రాస్తాము. అది మూతపడడం మొదలైనది మూడేళ్ల కిందట, ఒక సోమవారం నాడు నలుగురు పిల్లలు ఇంటి వద్ద ఆగిపోయినప్పుడు.

2009 నాటి విద్యాహక్కు చట్టంలోనూ ఇటువంటి మెలిక ఒకటి ఉన్నది. సాధ్యమైనంత మేరకు బోధన బిడ్డ మాతృభాషలోనే జరగాలని ఆ చట్టంలోని 29వ విభాగం అంటుంది. ఆ 'సాధ్యమైనంత మేరకు' అన్న మాటను ఎవరికి అనుకూలంగా వారు చదువుకొనవచ్చును. గది నిండా పిల్లలుంటే సాధ్యమే అనక తప్పదు. సగం బల్లలు ఖాళీగా ఉంటే సాధ్యం కాదని రాయడానికి ఒక్క కలంపోటు చాలును. చట్టాన్ని మనకు అనుకూలంగా చదివించగల శక్తి న్యాయవాది వాదనలో ఎంత ఉన్నదో ఉదయం తొమ్మిది గంటలకు బడి వాకిట నిలిచిన పిల్లల వరుసలోనూ అంతే ఉన్నది.

వారానికి ఒక్కరోజే కదా

'వారానికి ఒక్కరోజు మానితే ఏమవుతుంది?' అని అనుకొనే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. లెక్క వేసి చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 దినాలు, 1000 గంటలు. వారానికి ఐదు దినాల చొప్పున 200 దినాలంటే 40 వారాలు. వారానికి ఒక్కరోజు మానిన బిడ్డ ఏడాదిలో 40 దినాలు, అంటే రెండు నెలల బడి పోగొట్టుకుంటున్నది. ఐదేళ్లలో అది 200 దినాలవుతుంది. ఐదవ తరగతి పూర్తిచేసినట్లు పత్రం పట్టుకొని వచ్చిన ఆ బిడ్డ నిజానికి చదివినది నాలుగేళ్లే. పోయిన ఆ ఒక్క ఏడాది ఎక్కడ పోయినదో తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు; ఎందుకంటే అది ఒక్క దినం చొప్పున పోయింది.

పైగా పోయిన దినాలు ఒకే తీరుగా పోవు. అక్షరాలు నేర్చే చదువు మెట్ల వరుస వంటిది. వర్ణమాల తరువాత గుణింతాలు, గుణింతాల తరువాత ద్విత్వాక్షరాలు, ఆ పైన సంయుక్తాక్షరాలు. ఒత్తులు నేర్పిన వారంలో జ్వరమనో జాతర అనో ఇంటి వద్ద ఉండిపోయిన బిడ్డకు 'అమ్మ' అన్న మాట కంటికి తెలిసినట్లే ఉంటుంది గాని 'కర్ర', 'పుస్తకం', 'రాష్ట్రం' అన్న మాటల వద్ద నాలుక ఆగిపోతుంది. ఆగిన బిడ్డను తోటివారు నవ్వుతారు. నవ్వులకు జంకి మరునాడు కడుపునొప్పి అంటాడు. ఒక వారపు లోటు ఒక నెల లోటుకు దారితీసేది ఇట్లాగే. అటువంటి బిడ్డను పిలిచి సోమరి అనడం అన్యాయం. మెట్టు ఒకటి విరిగిందని గుర్తించి దానిని కట్టి ఇవ్వడం పెద్దల పని.

వీధి నేర్పని అక్షరం

సరిహద్దు బిడ్డకు హాజరు మరింత ముఖ్యం కావడానికి వేరొక కారణం ఉన్నది. చిత్తూరులోనో కర్నూలులోనో ఉన్న బిడ్డ రెండు దినాలు బడి మానినా తెలుగు అక్షరాలు ఆ బిడ్డను విడిచిపెట్టవు. బస్సు మీద తెలుగు, కిరాణా కొట్టు పలక మీద తెలుగు, గోడ మీది ప్రకటనలో తెలుగు, పెండ్లి పత్రికలో తెలుగు. వీధి అంతా పరచిన వాచకం వలె ఉంటుంది. కృష్ణగిరిలోని తెలుగు బిడ్డకు వీధి తమిళం నేర్పుతుంది. బాగేపల్లిలోని బిడ్డకు కన్నడం నేర్పుతుంది. రాయగడలో ఒడియా, సిరొంచలో మరాఠీ. మన బిడ్డకు ఇంట్లో వినబడే తెలుగు పుష్కలంగా ఉన్నది. కంటబడే తెలుగు మాత్రం బడిలోని నల్లబల్ల మీదా చేతిలోని వాచకంలోనూ తప్ప దాదాపు మరెక్కడా లేదు. యానాం వంటి చోట వీధి కూడా తెలుగుదే గనుక అక్కడి పరిస్థితి కొంత వేరు. తక్కిన మన ఊళ్లలో బడికి వెళ్లని రోజు తెలుగు అక్షరం కంటబడని రోజే.

దీనికి తోడు మన పిల్లలు మోస్తున్న బరువు ఎక్కువ. రాష్ట్ర భాష లిపి, ఇంగ్లీషు లిపి, తెలుగు లిపి, ఈ మూడింటినీ చిన్న వయసులోనే నేర్వాలి. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని 2006–07లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు నిర్బంధ పాఠ్యాంశం చేసింది. కర్ణాటకలోనూ కన్నడ బోధనను తప్పనిసరి చేస్తూ 2015లో చట్టం వచ్చింది. తెలుగు చదువుకు చోటు తగ్గించే నిబంధనలను మనం ప్రశ్నించవలసిందే. రాష్ట్ర భాషను మాత్రం మన పిల్లలు చక్కగా నేర్వాలి. ఉండే నేల భాష రాకపోతే బ్రతుకు గడవదు. అయితే మూడు లిపుల బరువును వారానికి మూడు దినాల హాజరుతో ఏ బిడ్డా మోయలేదు. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్ల వలె ఉంటాయి గనుక బళ్లారి, కోలారు జిల్లాలలోని బిడ్డకు రెండూ దగ్గరగా అనిపిస్తాయి. ఆ దగ్గరతనమే తడబాటుకూ కారణమవుతుంది. తలకట్టు దగ్గర ఉండే తేడా చేతికి అలవాటు కావడానికి ప్రతిదినమూ రాయడమొక్కటే మార్గం.

ఎందుకు ఆగిపోతున్నారు

గైరుహాజరుకు తల్లిదండ్రుల నిర్లక్ష్యమే కారణమని తేల్చివేయడం సులభం. వాస్తవం అంత సులభం కాదు.

మొదటిది మన పండుగల లెక్క. మన బంధువులు సరిహద్దుకు ఆవల ఉన్నారు, మన బడులు ఈవల ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతంలో సంక్రాంతికి బడులకు వారం రోజులకు పైగా సెలవులు ఉంటాయి. కర్ణాటకలోనూ ఒడిశాలోనూ ఆ పండుగకు అన్ని సెలవులు లేవు. అమ్మమ్మ ఊరికి భోగి నాటికి చేరిన పిల్లలు అక్కడి పిల్లలతో పాటు కనుమ దాటే వరకూ ఉండిపోతారు. ఇక్కడి బడిలో అప్పటికి వారం పాఠాలు నడిచిపోతాయి. బడులు తెరిచే వేళలూ అంతే. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. విదర్భలో ఎండల మూలాన బడులు జూన్ చివరకు గాని తెరవరు. ఆవలి ఊరి సెలవులను పట్టుకొని నడిచే ఇల్లు ఈవలి బడిలో ఏడాదికి పది పదిహేను దినాలు తెలియకుండానే పోగొట్టుకుంటున్నది. బంధుత్వాలు తెంచుకొమ్మని ఎవరూ అనరు. మన బిడ్డ బడి సెలవుల పట్టికను గోడకు తగిలించి, ప్రయాణాలను దాని ప్రకారం పెట్టుకొనడం మన చేతిలో ఉన్న పని. పెండ్లి ముహూర్తాలు మన చేతిలో లేకపోవచ్చును; పెండ్లికి మూడు దినాలు ముందు బయలుదేరి రెండు దినాల తరువాత తిరిగిరావడం మన చేతిలోనిదే.

రెండవది పనుల కాలం. వేరుసెనగ పీకే రోజులు, మామిడి కోతల చివరి రోజులు, బళ్లారి వైపు పత్తి తీత, మిరప కోత. కూలి రేటు పెరిగిన రోజులలో పెద్దలందరూ పొలంలో ఉంటారు. చంటిబిడ్డను చూడడానికి ఇంట్లో మిగిలేది ఎనిమిదేళ్ల ఆడపిల్ల. ఆ పిల్ల బడి మానిన దినాలు ఎవరి కంటా పడవు, ఎందుకంటే ఆమె ఊరకే కూర్చోలేదు. ఒక ఇంటి చంటివాడిని కనిపెట్టడానికి ఒక ఆడపిల్ల చదువును ఖర్చు పెడుతున్నామన్న స్పృహ మనకు రావాలి. అంగన్‌వాడీ ఉన్న ఊరిలో చంటిపిల్లలను అక్కడ దించే అలవాటు, లేని ఊరిలో ఇంటి వద్ద ఉండే అవ్వలలో ఒకరికి ఆ బాధ్యత అప్పగించి నలుగురూ కలిసి ఆమెకు ఏదో ఒకటి ఇచ్చుకొనే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు.

మూడవది వలస. బెంగళూరు కట్టడాల పనికి, తోటల పనికి కుటుంబాలు నెలల తరబడి వెళుతున్నాయి. గంజాం వైపు నుంచి మగవారు సూరతుకు పోగా, ఇంటినీ పిల్లల చదువునూ తల్లి ఒక్కతే ఈడ్చుకొస్తున్నది. వలస వెళ్లే ఇల్లు వీలైతే పిల్లలను అవ్వాతాతల వద్ద ఉంచి వెళ్లడం మేలు. తీసుకువెళ్లక తప్పని చోట ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బదిలీ పత్రం రావడం ఆలస్యమైందన్న సాకుతో బిడ్డను చేర్చుకొనకుండా ఉండే అధికారం విద్యాహక్కు చట్టం కింద ప్రభుత్వ బడికి లేదు.

నాలుగవది, అన్నింటికంటె చేదైనది, బడిలో చదువు చెప్పేవారు లేకపోవడం. తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచినా ఆ చోటు ఖాళీగానే ఉంటే, 'ముందు పంతులును ఇవ్వండి, అప్పుడు పిల్లలను పంపుతాము' అని తల్లిదండ్రులు అనడంలో న్యాయం ఉన్నది. కోపం సరియైనదే. అయితే ఆ కోపాన్ని పిల్లలను ఇంట్లో ఉంచి చూపితే లాభపడేది ఖాళీని నింపడం ఇష్టంలేని కార్యాలయమే. పిల్లలు లేరు గనుక పంతులు అక్కరలేదన్న జవాబును మనమే వారి చేతికి అందిస్తున్నాము. పిల్లలు నిండుగా వచ్చి కూర్చున్న గదిలో పంతులు లేకపోవడం ప్రభుత్వం జవాబు చెప్పవలసిన లోపం. పిల్లలే లేని గదిలో పంతులు లేకపోవడం ఎవరినీ కదిలించదు. అందువల్ల పంతులు ఉన్నా లేకపోయినా పిల్లలను బడికి పంపి, ఆ హాజరునే సాక్ష్యంగా చూపి పోరాడడం తెలివైన మార్గం. ఇది తల్లిదండ్రులకు కష్టమే. తెలుగు చదివిన ఊరి యువకులు ఆ మధ్యకాలంలో సాయంకాలం ఒక గంట పాఠం చెప్పగలిగితే ఆ కష్టం సగమవుతుంది.

ఇంటి దినచర్య

హాజరు ఉదయం బడి గంటతో మొదలు కాదు. ముందునాటి రాత్రి ఇంట్లో మొదలవుతుంది. పది గంటల దాకా టీవీ ముందో, చేతి ఫోను ముందో కూర్చున్న బిడ్డ ఉదయం లేవదు. లేచినా పరుగులతో లేస్తుంది. పరుగులో ముఖం కడగదు, ఏమీ తినదు, నోటుపుస్తకం దొరకదు. 'ఈరోజుకు ఉండనివ్వు' అన్న మాట అవ్వ నోట వస్తుంది. గైరుహాజరులో పెద్ద పాలు ఇటువంటి ఉదయాలదే.

కనుక ఖర్చు లేని కొన్ని అలవాట్లను ఇంటి కట్టుబాటుగా పెట్టుకొందాం. రాత్రి అన్నం వేళకు టీవీ, ఫోను ఆగిపోవాలి; పెద్దలవి కూడా. పెద్దవారి చేతిలో ఫోను వెలుగుతుండగా పిల్లలను పడుకొమ్మంటే వారు పడుకోరు. పడుకొనే ముందు పుస్తకాల సంచిని బిడ్డ చేతనే సర్దించాలి: వాచకం, నోటుపుస్తకం, పెన్సిలు. ఉదయం నిర్ణీత వేళకు, సెలవు నాడు కూడా, లేపాలి. ఆదివారం తొమ్మిదింటికి లేచిన బిడ్డకు సోమవారం ఆరింటికి మెలకువ రాదు. రాగి సంగటో, సద్దన్నమో, అంబలో, ఏదైనా సరే కడుపులో పడి బడికి వెళ్లాలి. తమిళనాడులో ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలకు ఉదయపు ఫలహారం పెట్టే పథకం 2022 సెప్టెంబరులో మొదలై 2023లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆకలితో కూర్చున్న బిడ్డకు పాఠం ఎక్కదన్న పాత సత్యాన్ని ప్రభుత్వాలే గుర్తిస్తున్నప్పుడు ఇల్లు మరచిపోరాదు.

వీటన్నింటికంటె ముఖ్యమైనది సాయంకాలపు అరగంట. ఇల్లు చేరి, ఆడుకొని, కాళ్లు కడుగుకొన్న తరువాత బిడ్డ తెలుగు వాచకంలో ఒక పుట బిగ్గరగా చదవాలి. ఇంట్లో ఒకరు కూర్చొని వినాలి. వినేవారికి చదువు రానక్కరలేదు. మాతృభాషలో చదివించడంలో ఉన్న గొప్ప మేలు ఇక్కడే కనిపిస్తుంది. ఇంగ్లీషు వాచకం చదివే బిడ్డ సరిగా చదువుతున్నదో, అర్థమై చదువుతున్నదో అక్షరం రాని తల్లికి తెలియదు. తెలుగు వాచకం చదివేటప్పుడు మాట తప్పితే ఆ తల్లి చెవి పట్టేస్తుంది. 'అదేంటి, ఇంకోసారి చదువు' అంటుంది. చదివిన కథ బాగుంటే నవ్వుతుంది, తనకు తెలిసిన మరొక కథ చెబుతుంది. నిరక్షరాస్యురాలైన తల్లిని కూడా బిడ్డకు ఇంటి ఉపాధ్యాయురాలిగా చేయగలది అమ్మనుడి ఒక్కటే. వేలకు వేలు రుసుము కట్టి ఇంగ్లీషు మాధ్యమానికి పంపి, పైన ట్యూషనుకు మరింత కట్టే ఇళ్లు ఈ ఒక్క విషయాన్ని ఆలోచించాలి.

వాచకం అయిపోతే పాత చందమామ సంచికలున్నాయి. వారానికొకసారి తెలుగు పత్రిక ఉన్నది. సరిహద్దు దాటి వచ్చే బంధువులను మిఠాయికి బదులు ఒక పిల్లల పుస్తకం తెమ్మని అడగవచ్చును. చదివిన తరువాత ఆనాటి సంగతి మూడు వాక్యాలు నోటుపుస్తకంలో రాయించాలి. 'ఈరోజు వాన పడింది. మా పంతులు ఆలస్యంగా వచ్చారు. ఆవు ఈనింది.' ఇంతే చాలు. నూరు దినాలు ఇట్లా రాసిన బిడ్డకు తెలుగు చేతికి వస్తుంది. ఆ నోటుపుస్తకంలోనే బడికి వెళ్లిన రోజున ఒక చుక్క పెట్టుకొమ్మని చెప్పండి. నెలాఖరున చుక్కలు లెక్కపెట్టి, తక్కువైన దినాలకు కారణం బిడ్డ చేతనే చెప్పించండి. కొట్టడం, తిట్టడం అక్కరలేదు. తన లెక్క తానే చూసుకొనే బిడ్డకు బాధ్యత తానుగా వస్తుంది.

ఊరు చేయవలసినది

ఇంటి పని ఇంటిది, ఊరి పని ఊరిది. ప్రభుత్వ బడులలో బడి నిర్వహణ సంఘం ఉండాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. మన బడులలో ఆ సంఘాలు చాలావరకు సంతకాలకు పరిమితమయ్యాయి. ఇకపై ప్రతి సమావేశంలోనూ తెలుగు విభాగం హాజరును ఒక అంశంగా పెట్టించండి. పిల్లల హాజరును గురించి, చదువును గురించి తల్లిదండ్రులకు క్రమంగా తెలియజేయడం ఉపాధ్యాయుని విధి అని అదే చట్టంలోని 24వ విభాగం చెబుతున్నది. ఉపాధ్యాయుడు బడికి క్రమం తప్పక, వేళకు రావాలని చెబుతున్నదీ ఆ విభాగమే. మన పిల్లలు ఒక్క రోజూ తప్పక వస్తున్నప్పుడే మనం ఉపాధ్యాయుని హాజరును గురించి తలెత్తి అడగగలము.

వీధికొక పెద్ద అక్కనో అన్ననో ఎంచుకొని, చిన్నపిల్లలను వెంటబెట్టుకొని బడికి నడిపించే ఏర్పాటు చేసుకోవచ్చును. గుంపుగా వెళ్లే పిల్లలలో ఆగిపోయేవారు తక్కువ. మూడు దినాలు వరుసగా రాని బిడ్డ ఇంటికి భాషాసంఘం నుంచి ఒకరు వెళ్లి పలకరించాలి. పలకరింపులో నింద ఉండరాదు. జ్వరమా, పనా, భయమా అని తెలుసుకోవడమే పని. ఏడాది చివర బహుమతులు ఇచ్చే సంఘాలు మొదటి మార్కు వచ్చినవారికి ఇస్తున్నాయి. మంచిదే. అతి తక్కువ దినాలు మానిన బిడ్డకూ ఒక బహుమతి పెట్టండి. మొదటి మార్కు ఒక్కరికే వస్తుంది. ప్రతిదినమూ రావడం అందరి చేతిలో ఉన్నది.

వినతిపత్రం రాసేటప్పుడు కూడా ఈ లెక్క మన వద్ద ఉండాలి. 'మా బడిలో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు' అని రాసిన పత్రానికి వచ్చే జవాబు వేరు. 'ఈ ఏడాది మూడవ తరగతిలో ఇంతమంది తెలుగు పిల్లలున్నారు, నెలనెలా సగటు హాజరు ఇంత, ఇన్ని నెలలుగా తెలుగు ఉపాధ్యాయుడు లేడు' అని రాసిన పత్రానికి వచ్చే జవాబు వేరు. జిల్లా అధికారికైనా, భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకైనా, న్యాయస్థానానికైనా రెండవ తీరు పత్రమే పనికివస్తుంది.

పర్లాకిమిడి చెప్పే మాట

ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులు దశాబ్దాల పాటు ఉపాధ్యాయులుగా ఉన్నారు. ఆ చుట్టుపట్ల కొండలలోని సవరల పిల్లలకు వారి భాషలో చదువు లేదని గుర్తించి, తనది కాని ఆ భాషను పట్టుదలతో నేర్చుకొని, అందులో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో వారికి బడి పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ దండలు వేస్తున్నాము. పరుల బిడ్డల అమ్మనుడి చదువు కోసం ఆయన అంత శ్రమపడితే, మన బిడ్డల అమ్మనుడి చదువు కోసం మనం చేయవలసినది వారిని వేళకు లేపి, తినిపించి, బడి వాకిట దించి రావడం.

హక్కు అన్నది వాడుకలో ఉన్నంతకాలమే హక్కు. నడవని కాలిబాట మీద గడ్డి మొలచినట్లు, పిల్లలు కూర్చోని తెలుగు తరగతి మీద ఉత్తర్వుల దుమ్ము పేరుకుంటుంది. రాజ్యాంగంలోని అధికరణాన్ని మనం ప్రతిదినమూ తిరగరాయలేము. హాజరుపట్టీలో మన బిడ్డ పేరు పక్కన ఉన్న గడిని మాత్రం ప్రతిదినమూ నింపగలము. ఈ నెల ముగిసేలోగా మీ ఇంటి బిడ్డ ఎన్ని దినాలు బడికి వెళ్లినదో లెక్క చూడండి. మీ వీధి లెక్క, మీ బడి తెలుగు విభాగం లెక్క కూడా తీయండి. రేపు అధికారుల ముందు నిలబడినప్పుడు మన మాటకు బలం ఇచ్చేది ఆ లెక్కే.